స్టేజీ ముందర ఎరువు

ఉగాది వారంలో వచ్చిన ఆదివారానికి కేశవులు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పొద్దున పార్కులో చెట్లకు పాదులు తీయించాలి, మధ్యాహ్నం వాటికి ఎరువు దించుకోవాలి, సాయంత్రం బడి మైదానంలో ఊరి పాటల సభ జరిపించాలి. కొత్తచెరువులో బట్టల అంగడి నడిపే ఆయనకు ఎవరేం అడిగినా కాదనడం రాదు. అందుకే మొక్కల సంఘానికీ ఆయనే కార్యదర్శి, పాటల సంఘానికీ ఆయనే.

అయితే ఆ రోజు ఆయన బెంగ పనుల గురించి కాదు. భార్య సుమిత్రమ్మ మొదటిసారి ఒంటరిగా పాడబోతోంది. పెళ్ళయినప్పటి నుంచి వంటింట్లోనే పాడుకున్న మనిషి, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక పాట నేర్చుకుని, గుంపులో గొంతు కలుపుతూ వచ్చి ఈసారికి ధైర్యం చేసింది. నిరుడు సభకు వచ్చినవాళ్ళు పాడేవాళ్ళ చుట్టాలే. వాళ్ళలోనూ సగం మంది మధ్యలో లేచిపోయారు.

"నేను పాడేటప్పుడు జనం లేచిపోతే మళ్ళా ఈ జన్మలో నోరు తెరవనండీ," అంది ఆమె, మిరియాల పాలు తాగుతూ.

"ఎవరూ పోరు. నేనుండా గదా," అన్నాడు కేశవులు.

ఆయన ఉండడమే తన భయమని ఆమె పైకి అనలేదు.

పార్కులో పలుగులూ పారలూ పంచుతుండగా ఆయన ఫోను మోగింది. తెలియని నంబరు.

"అన్నా, సరుకు తెచ్చినా. యాడ దించాల?"

ధర్మవరం నుంచి మైకుసెట్టు పెట్టెలు రావలసిన వేళ అది. కేశవులు రెండో ఆలోచన చేయలేదు. "బడికాడ స్టేజీ ముందరే దించప్పా. ఎనకాల కూర్చున్నోళ్ళకు గూడా బాగా తగలాల."

"తగుల్తాది లే అన్నా, దానికేం కొదవ లేదు," అని అవతలి మనిషి ఫోను పెట్టేశాడు.

పార్కు పని ముగించుకుని కేశవులు బడికి వెళ్ళాడు. స్టేజీ ముందు, ముఖ్య అతిథులు కూర్చోవలసిన చోట, మనిషెత్తు గొర్రెల ఎరువు కుప్ప పోసి ఉంది. మైకుసెట్టు పెట్టెలు తెచ్చిన వాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయారు. మధ్యాహ్నానికి తెస్తానన్న ఎరువును ముదిగుబ్బ ట్రాక్టరు డ్రైవరు తిప్పేష్ పొద్దున్నే తెచ్చేశాడన్నమాట.

కేశవులు పొద్దున వచ్చిన నంబరుకే ఫోను కలిపాడు. "ఏమప్పా తిప్పేషూ, ఎంత పని చేసినావు!"

"నువ్వే గదన్నా చెప్పింది, ఎనకాలోళ్ళకు గూడా తగలాలని! నాకూ అనుమానం వచ్చింది. పెద్దోళ్ళ సభ, మనకెందుకులే అనుకున్యా."

"ఎనిక్కొచ్చి ఎత్తప్పా, నీకు పుణ్యముంటాది."

"ముదిగుబ్బ చేరుకున్యా అన్నా. ఇంగో బాడిగ ఉండాది. రేపు పొద్దున చూస్తా."

ఎండ ముదిరేకొద్దీ వాసనా ముదిరింది. కేశవులు కుప్ప మీద, జనం కూర్చోవడానికి తెచ్చిన జంఖానా కప్పించాడు. చుట్టూ సాంబ్రాణి పొగ వేయించాడు. దాంతో వాసన తగ్గలేదు గానీ దానికి కొంత భక్తి తోడయింది. దారినపోయే ముసలమ్మ ఒకావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకుని మరీ వెళ్ళింది.

ఇక లాభం లేదని మొక్కల సంఘం కుర్రాడు గిరికి ఫోను చేశాడు. గిరి ఆటోలో మైకు కట్టుకుని ఊరంతా సభ గురించి చాటింపు వేస్తున్నాడు.

"గిరీ, తెలిసినోళ్ళకెవరికన్నా ఎరువు కావాలంటే ఊరికే ఎత్తుకోని పొమ్మనప్పా. సభ మొదలయ్యే లోపల ఖాళీ కావాల."

"నాకొదిలెయ్ అన్నా!"

హమ్మయ్య అనుకున్నాడు కేశవులు. అంతలోనే బజారు వైపు నుంచి మైకు వినబడింది.

"ఈరోజు సాయంత్రం బడి మైదానంలో పాటల సభ! సుమిత్రమ్మ గారి గానం! వచ్చినోళ్ళందరికీ గొర్రెల ఎరువు ఉచితం! గంపలు మీరే తెచ్చుకోవాల!"

కేశవులు గిరికి ఎన్నిసార్లు ఫోను చేసినా, ఆ మైకు మోతలో వాడికి వినబడలేదు. పరుగున ఇంటికి వెళ్ళేసరికి సుమిత్రమ్మ పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"నా పాటకొస్తే ఎరువు ఊరికే ఇస్తారంట గదండీ?" అని మెల్లగా అడిగింది.

ఆమె కేకలు వేసి ఉంటే ఆయనకు ఇంత భయం వేసేది కాదు. జరిగింది ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆమె చెప్పులు వేసుకుని బయల్దేరింది. ఆయన వెనకాలే నడిచాడు.

మైదానం నిండిపోయి ఉంది. గంపలు, గోతాలు, తోపుడుబండ్లు. జంఖానా ఎప్పుడో పక్కకు పోయింది. ఒకాయన అప్పుడే పార దించబోతున్నాడు. కుప్ప కరిగేదాకా ఉంటారు, ఆ తర్వాత పాట వినకుండానే పోతారు. ఇన్నేళ్ళకు ఆమె తెచ్చుకున్న ధైర్యం ఈ ఎరువుతోనే కొట్టుకుపోతుందనుకుని కేశవులు స్టేజీ మెట్ల మీద కూలబడ్డాడు.

సుమిత్రమ్మ ఆయన్ను దాటుకుని స్టేజీ ఎక్కి మైకు అందుకుంది.

"ఆ పార పక్కన పెట్టన్నా. అందరూ గంపలు దించి కూర్చోండి. ఎరువు అందరికీ సమానంగా పంచుతాము. ఇప్పుడు కాదు, నా పాటలయినాక. మధ్యలో లేచినోళ్ళకు మాత్రం లేదు."

"ఎన్ని పాటలక్కా?" అని ఎవరో అరిచారు.

"అది మీరు కూర్చునేదాన్ని బట్టి ఉంటాది."

జనం కూర్చున్నారు. చోటు పోతుందన్న భయంతో కుప్పకు ఆనుకుని మరీ కూర్చున్నారు. మొదటి పాటలో ఆమె గొంతు వణికింది. కేశవులు ఊపిరి బిగబట్టాడు. దానికి వేరే కారణం కూడా ఉంది. రెండో పాటకు గొంతు విచ్చుకుంది. మూడో పాటకు ఎవరో ఒళ్ళో గంప బోర్లించి దరువు వేశారు. చూస్తుండగానే మైదానమంతా గంపల మీద దరువు మొదలైంది. లేవబోయిన ఒకణ్ణి పక్కవాళ్ళే చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

ఆఖరి పాట ముగిశాక కేశవులు పంచడానికి పార తీసుకుని లేచాడు. ముందు వరసలో ఉన్న శెనక్కాయల రైతు బయ్యన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు సెట్టీ, ఏం తొందర? ఇంగొకటి పాడు తల్లీ! ఎరువు యాడికి పోతాది?"

సుమిత్రమ్మ భర్త వైపు చూసి నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటిసారి. కేశవులు పార కింద పెట్టి, ఎరువు పక్కనే చతికిలబడ్డాడు.

వచ్చే ఏడాది సభకు ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలని సంఘంలో చర్చ జరిగినప్పుడు, ఒక్కరు కూడా మనిషి పేరు చెప్పలేదు.