మూడు కొటేషన్ల వెలుగు

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ సూపరింటెండెంటుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా ఆక్వేరియానికి ఒక లైటు ఎంచడం, పదింటికల్లా బిగించడం, సాయంత్రం బావగారు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటూ కూర్చోవడం.

బావగారంటే భార్యకు అన్నయ్య, ఓడలో ఇంజనీరు. మూడు నెలల కిందట ఓడెక్కబోతూ తన ఉప్పునీటి ఆక్వేరియాన్ని, అందులో గోరంత ముక్క నుంచి ఆరేళ్లు పెంచిన పచ్చటి పగడాన్ని తెచ్చి చెల్లెలి ఇంట్లో పెట్టారు. "ఇది ప్రాణమున్న జీవి బావగారూ. వెలుగే దీని తిండి. మీ చేతుల్లో పెడుతున్నా" అన్నారు. సూపరింటెండెంటుగారు దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ ప్రేమ ఎక్కువైపోయే మొన్న లైటు మీద దుమ్ము కనిపిస్తే తడిగుడ్డతో తుడిచారు. లైటు టప్పుమని ఆరిపోయింది. అరచేయంత విచ్చుకునే పగడం ముడుచుకుపోయింది. బావగారికి మాత్రం "పగడం కులాసా" అన్న మెసేజీ రోజూ వెళ్తూనే ఉంది.

"అన్నయ్యకి నిజం చెప్పెయ్యచ్చుగా?" అంది భార్య.

"చెప్తాను. అది బాగుపడ్డాక."

ఆయన ఆఫీసులో గుండుసూదుల డబ్బా కొనాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. ఇరవై ఆరేళ్ల అలవాటు, ఇంటికొచ్చాక చొక్కాతోపాటు విప్పి తగిలించేది కాదు. అందుకని మూడు దుకాణాల నుంచి మూడు లైట్లు, నచ్చకపోతే తిరిగిచ్చే షరతు మీద తెచ్చారు. ఒకటి తెల్లది, ఒకటి నీలం, ఒకటి ఊదా. గీతలు కొట్టి పోలిక పట్టిక కూడా తయారుచేశారు. పట్టికలో తెల్లదానికి ఒక గుణం ఎక్కువైతే నీలానికి ఇంకోటి ఎక్కువైంది. ఒకదాన్ని ఎంచితే ఆ బాధ్యత తన మెడకు చుట్టుకుంటుంది. ఎంచకపోతే పగడం పోతుంది. చివరికి బాధ్యత గల అధికారి ఎవరైనా చేసే పనే ఆయనా చేశారు. మూడింటినీ మంజూరు చేశారు.

మూడూ ఒక్కసారి వెలిగేసరికి హాలంతా ఊదారంగులో మునిగిపోయింది.

"ఈ వెలుగులో నేను దెయ్యంలా లేనూ?" అడిగింది భార్య.

"కొంచెం" అన్నారాయన పట్టికలోంచి తలెత్తకుండా. ఆవిడ సంచీ తీసుకుని విసవిసా కూరగాయలకు వెళ్లిపోయింది.

గంట గడిచింది. పగడం విచ్చుకోలేదు సరికదా, శనగగింజంత అయిపోయింది. ఆయన ఆక్వేరియం దుకాణానికి ఫోన్ చేసి, "తెలిసినవాళ్లని ఎవర్నైనా వెంటనే పంపండి" అని బతిమాలి, తలుపు బార్లా తీసి కూర్చున్నారు.

ఆ ఇంటి కింద అంతస్తులో చర్మవైద్యురాలి క్లినిక్కు ఉంది. అక్కడ లైటు వైద్యం కూడా చేస్తారు. డాక్టరమ్మ ఆ రోజు ఆలస్యం చేసింది. తాళం చూసి నిరాశపడ్డ ఒక ముసలాయన తలెత్తితే మేడమీది కిటికీలో ఊదా వెలుగు కనిపించింది. క్లినిక్కు పైకి మారిందనుకుని మెట్లెక్కాడు.

"లైటు ఇక్కడేనా అండీ?"

"రండి రండి, మీ కోసమే చూస్తున్నా. పరిస్థితి చెయ్యి దాటేలా ఉంది."

ముసలాయన ముఖం పాలిపోయింది. "అంత ముదిరిందా?"

"బాగా ముడుచుకుపోయింది. మూడు లైట్లూ ఒకేసారి పెట్టా. తప్పంటారా?"

"డాక్టరమ్మ ఒకటే పెట్టేది మరి."

"ఎవరి పద్ధతి వారిది. ఇక మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి."

ముసలాయన చొక్కా విప్పాడు. నీళ్లలోకి చెయ్యి పెట్టడానికి కాబోలని సూపరింటెండెంటుగారు పొంగిపోయారు. ముసలాయన మాత్రం ఆక్వేరియం మీది మూడు లైట్లనూ ఇవతలికి తిప్పుకుని, వాటికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఇది కాస్త కొత్తగా అనిపించింది. కానీ నిపుణుణ్ణి ప్రశ్నించే అధికారం తన హోదాకు లేదని ఆయన ఊరుకున్నారు.

మధ్యాహ్నానికి నిపుణులు అయిదుగురయ్యారు. కూరగాయలతో తిరిగొచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఎవరు వీళ్లంతా? చొక్కాలేవీ?"

"మెల్లగా మాట్లాడు. దుకాణం వాళ్లు బృందాన్నే పంపారు."

ఆవిడ వెనకాలే డాక్టరమ్మ రొప్పుతూ వచ్చింది. "నా పేషెంట్లు ఇక్కడేం చేస్తున్నారు? అవి చేపల లైట్లు! వాటివల్ల మీకు ఒరిగేదేం లేదు, దిగండి కిందికి!"

ఎవరు ఎవరో అందరికీ ఒక్కసారే అర్థమైంది. సరిగ్గా అప్పుడే బావగారు సూట్‌కేసుతో దిగబడ్డారు, చెప్పిన వేళకు నాలుగు గంటల ముందే.

సూపరింటెండెంటుగారికి ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్లలో ఏ ఫైలు మీదా ఒప్పుకోని తప్పు ఒప్పుకున్నారు. "క్షమించండి బావగారూ. రోజూ అబద్ధం రాశాను. మీ పగడాన్ని నా చేతులారా చంపుకున్నాను."

బావగారు ముసలాయన భుజం మీంచి తొంగిచూశారు. "దీన్నేనా చంపానంటున్నారు?"

పగడం అరచేయంత విచ్చుకుని, నీళ్లలో తాపీగా ఊగుతోంది.

"దీనికి నేరుగా పడే వెలుగు సరిపడదు. ఎక్కడో పడి తిరిగొచ్చే వెలుగు కావాలి. అది తెలుసుకుని పాత లైటుని గోడకేసి తిప్పడానికి నాకు ఏడాది పట్టింది. మీరు ఒక్క పూటలో ఎలా పట్టుకున్నారు?"

సూపరింటెండెంటుగారు కళ్లు తుడుచుకుని ముసలాయన వీపు వంక కృతజ్ఞతగా చూశారు.

"నేను దీన్ని తీసుకెళ్లేదాకా ఈ ఏర్పాటు ఇలాగే ఉంచండి. ఏదీ కదపొద్దు" అన్నారు బావగారు.

మర్నాడు తొమ్మిదింటికే ముసలాయన వచ్చి, చొక్కా కొక్కేనికి తగిలించి, తన స్టూలు మీద కూర్చున్నాడు. సూపరింటెండెంటుగారు ఆయన్ని తాత్కాలికంగానే ఆమోదించారు, నిబంధనల ప్రకారం ఇంకో రెండు వీపులకు కొటేషన్లు రావలసి ఉంది.