నాలుగు సిలిండర్ల నిద్ర

ఫోన్ మోగేసరికి కొత్త పెళ్లికూతురు రోవీనా పెనం మీద గుడ్డు తిరగేస్తోంది. కార్ల కంపెనీలో ఇంజినీరైన ఆమె మూడేళ్లుగా పట్టుకు వేలాడిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌ను కంపెనీ ఒప్పుకుంది. జోరు అక్కర్లేని దారిలో నాలుగు సిలిండర్లు వాటంతటవే నిద్రపోయి పెట్రోలు మిగులుస్తాయి. బలం కావాలంటే ఎనిమిదీ లేస్తాయి. శని, ఆదివారాలు ఆ ఇంజిన్ బిగించిన కారు ఇంట్లోనే ఉంచుకుని నడుపుకోమన్నారు కూడా. గుడ్డు మాడింది. భర్త లూకస్ దాన్నే లొట్టలేసుకుంటూ తిన్నాడు.

"ఇప్పుడైనా మామయ్యగారు ఎక్కుతారంటావా?" అంది రోవీనా.

మామగారు కాజిమిర్ ఇంజిన్ల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. ఎనిమిదీ మండని కారులో కాలు పెట్టనని పెళ్లి విందులోనే, కేకు కోయకముందే ప్రకటించాడు. ఆయన్ని ఒక్కసారి తన పక్క సీట్లో కూర్చోబెట్టాలని కోడలి పంతం.

ఆ శనివారమే డెట్రాయిట్‌లో పాత కార్ల ఊరేగింపు. వుడ్‌వర్డ్ రోడ్డు పొడవునా మడత కుర్చీల్లో ముసలి కార్ఖానా మనుషులు కళ్లు మూసుకుని, వచ్చే కారు ఏదో చప్పుడుతోనే చెప్పేస్తుంటారు. కాజిమిర్ కూడా తన నారింజ రంగు పాత కారుతో వస్తాడు కదా, కంటపడదామని ఇద్దరూ కొత్త ఇంజిన్ కారులో బయల్దేరారు.

కారు నిదానంగా సాగుతుండగా నాలుగు సిలిండర్లు నిద్రపోయాయి. ఒక కుర్చీలోని ముసలాయన కళ్లు తెరిచి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆపమ్మా. నాలుగు పోయాయి."

పోలేదని, తన భార్యే వాటిని ఆపిందని లూకస్ ఛాతీ విరుచుకుని చెప్పాడు. ముసలాయన జాలిగా చూశాడు.

"నా మోకాళ్లూ అంతే బాబూ. నేనే వంచడం మానేశానని చెప్పుకుంటుంటాను."

ఇంకొకాయన పనిముట్ల పెట్టె తెచ్చాడు. మూడో ఆయన బానెట్ ఎత్తాడు. స్పార్క్ ప్లగ్గులని ఒకరు, కల్తీ పెట్రోలని ఒకరు వాదులాట. ఒక పెద్దావిడ రోవీనా చేతిలో నిమ్మరసం పెట్టి, మొగుడు మంచివాడిలా ఉన్నాడు, కారుదేముందిలే అని ఓదార్చింది. ఇంజిన్‌లో అన్ని తలలు ఉండగా కారు కదిలించడమెలా? వెనక ఊరేగింపంతా నిలిచిపోయింది. పాత కార్లు నిలబడ్డచోటే పొగలు కక్కాయి.

దారికి అడ్డం పడ్డదెవరో తేల్చుకుందామని కాజిమిర్ రుసరుసలాడుతూ నడిచొచ్చాడు. తీరా చూస్తే కోడలు.

"మీ కారేది నాన్నా?" అన్నాడు లూకస్. "పెట్రోలు అయిపోయిందా?"

"అయిపోలేదు. తాగేసింది."

ముసలాళ్లే రోవీనా కారు బానెట్ మూసి, నారింజ కారును ముందుకు తోసుకొచ్చారు. రోవీనా దాన్ని తన కారుకు తాడుతో కట్టి, నారింజ కారు స్టీరింగ్ మొగుడికి అప్పగించింది. తాడును కనిపెట్టి చూడటానికి అనుభవమున్న మనిషి కావాలని మామగారిని పక్క సీటుకు పిలిచింది. ఆయన పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆమె కాలు నొక్కింది. బరువు తగలగానే నిద్రపోతున్న నాలుగూ లేచాయి. ఎనిమిదీ ఒక్కసారి గర్జించాయి. కుర్చీల వరసంతా ఇటు తిరిగింది. కారు ఆపిన ముసలాయన లేచి టోపీ తీశాడు. పెట్రోలు బంకు వచ్చేదాకా కాజిమిర్ చెయ్యి డాష్‌బోర్డును నిమురుతూనే ఉంది.

"రేపు చర్చి అయ్యాక నా కార్ఖానా స్నేహితులంతా టిఫిన్‌కు చేరతారు," అన్నాడు దిగుతూ. "ఈ కారు తీసుకురా అమ్మాయ్."

"ఎలా పనిచేస్తుందో వాళ్లకు చెప్పమంటారా మామయ్యగారూ?"

"నువ్వు నడుపు చాలు. మన ఇంజిన్ సంగతి నేను చెప్తాను."