అంచుకు వేలాడిన సూర్యుడి గోడ

ఆ శనివారం పొద్దున అనంతయ్య వేసుకున్న లెక్క చాలా చిన్నది. మగ్గం మీద పెళ్లిచీర జానెడు మిగిలింది. స్నానం చేసి, అది నేసి, కోసి, మడతపెట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మధ్యాహ్నానికల్లా గద్వాల నుంచి వనపర్తి చేరాలి. అక్కడి కాలేజీలో ఆయన కూతురు నిరోష ఉపన్యాసం ఇస్తుంది. ముందు వరుసలో కూర్చుని వినాలి. అర్థం కాకపోయినా తల ఊపాలి. ఆ తల ఊపడం రెండు రోజులుగా అద్దం ముందు సాధన చేస్తూనే ఉన్నాడు.

నిరోష లోహాల శాస్త్రవేత్త. సూర్యుడిలో జరిగే పనిని భూమ్మీద ఒక కొలిమిలో జరిపించి కరెంటు తీయాలని లోకంలో చాలామంది తంటాలు పడుతున్నారు. ఆ కొలిమి లోపలి గోడకు టంగ్‌స్టన్ అనే లోహం వాడతారు. ఎంత వేడికీ ఓ పట్టాన కరగదు గానీ, లోపలి నుంచి దూసుకొచ్చే న్యూట్రాన్లు అదేపనిగా కొడితే పెళుసెక్కి పగుళ్లిస్తుంది. పగలకుండా అందులో ఏ లోహాన్ని ఏ పాళ్లలో కలపాలో తేల్చడమే నిరోష పని. ఎన్నో నమూనా బిళ్లలు పగిలాక ఒక్కటి మాత్రం ఇంతవరకు పెట్టిన పరీక్షలన్నిటికీ నిలబడింది. అగ్గిపెట్టెంత ఉంటుంది, అరకిలో తూగుతుంది. ఇవాళ దాన్ని కాలేజీ పిల్లలకు చూపించి, సోమవారం అసలైన రేడియేషన్ పరీక్షకు పంపాలి. అలాంటిది ఇంకొకటి లేదు.

ఈ సంగతంతా నిరోష ఇంటికి వచ్చిన రోజు అన్నం తింటూ చెప్పింది. అందులో అనంతయ్యకు ఒక్క ముక్క బాగా పట్టింది, తన బిడ్డ సూర్యుడికి గోడ కడుతోందని. అంత గర్వం ఒక్క కడుపులో దాచుకోవడం ఎవరి తరం? శనివారం తెల్లారగానే, కూతురు లేవకముందే, ఆమె సంచిలోని డబ్బా తెరిచి బిళ్లను తువ్వాలలో మూటగట్టుకుని చాయ్ హోటలుకు పోయాడు.

"ఏందన్నా గది?" అన్నాడు సెల్‌ఫోన్ల దుకాణం మధుసూదన్.

"చేతిల వట్టి సూడు."

మధుసూదన్ తేలిగ్గా చేయి చాపాడు. చేయి దభాలున బల్ల మీదికి దిగింది. "అబ్బో, గింతదానికి గంత బరువేంది?"

"మా నిరోష చేసింది. రేడియేషన్ గొట్టినా తట్టుకుంటది, తెల్సా?"

హోటల్లో ఉన్నవాళ్లంతా వంతులవారీగా పట్టుకుని చూశారు. చాయ్ పోసే ఆయన కూడా చేయి తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. అనంతయ్య తేలిపోతూ ఇంటికొచ్చి, బిళ్లను మగ్గం గట్టు మీద పెట్టి, స్నానం చేసొచ్చి సంచిలో వేద్దామనుకున్నాడు. స్నానం ముగిసేసరికి కూతురు ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"నాయినా, నా బిళ్ల యాడ వాయె?"

అనంతయ్య మగ్గం గట్టు వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఇంట్లో భార్య తిమ్మమ్మ కూడా లేదు, బిడ్డ తలలోకి పూలు తేవడానికి బజారుకు పోయింది.

నిజం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "యాడికి వోతది బిడ్డా, ఇంట్లనే ఉంటది. జర దేవులాడు" అని చెప్పి, తడి తలతోనే మళ్లీ హోటలుకు పరుగెత్తాడు. వెనకాలే వచ్చి ఎవరైనా ఎత్తుకుపోయారేమోనని ఆయన అనుమానం.

మధుసూదన్‌ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "పొద్దున గా బిళ్ల ఎవరెవరు వట్టిన్రు?"

"ఎందుకన్నా?"

"ఏం లే. జర పరేషాన్ అయితుంది. మా బిడ్డకు తెల్వనియ్యకు."

అంతే చాలింది. అనంతయ్య ముఖం పాలిపోయి ఉంది, పొద్దున రేడియేషన్ అన్నాడు, పట్టుకున్నవాళ్ల పేర్లు అడుగుతున్నాడు, కూతురికి తెలియొద్దంటున్నాడు. మధుసూదన్ నేరుగా నల్లా దగ్గరికి పోయి మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. ఆ తర్వాత మంచి మనసుతో వీధి వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క పెట్టాడు: పొద్దున బిళ్ల పట్టినోళ్లు దయచేసి చేతులు కడుక్కోండి.

చాయ్ హోటల్లో గ్లాసులన్నీ బూడిదతో తోమారు. ఒకాయనకు అరచేయి దురద మొదలైంది. ఏళ్ల కిందటే బట్టతల వచ్చిన ఇంకొకాయన తన వెంట్రుకలు రాలుతున్నాయన్నాడు. ఇద్దరు దవాఖానకు బయలుదేరారు. మిగతావాళ్లు చేతులను ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని అనంతయ్య ఇంటి ముందు నిలబడ్డారు. ఆ ఇంటివాళ్లను వనపర్తికి తీసుకుపోవాల్సిన దినేష్ జీపును దూరంగా ఆపి, "గా బిళ్ల నా బండ్ల ఎక్కియ్య. నాకు చిన్న పిల్లలున్నరు" అని తేల్చేశాడు.

నిరోష బయటికొచ్చి విషయం విన్నది. "గొడుగు వాన కురిపిస్తదా మామా? గది గొడుగసువంటిది. దాంట్ల రేడియేషన్ లేదు. ఇంకా అసలు వానలకే వోలేదు" అన్నది. జనం చేతులు మెల్లగా కిందికి దిగాయి. అప్పుడు నిరోషకు అనుమానం వచ్చింది. "అవునుగానీ, మీరంత దాన్ని ఎప్పుడు వట్టిన్రు?"

అందరూ అనంతయ్య వైపు చూశారు.

"నేనే బిడ్డా" అన్నాడాయన. "నలుగురికి సూపియ్యాలనిపించింది. తెచ్చి మగ్గం గట్టు మీద వెట్టిన. మల్ల సూస్తె లేదు."

నిరోష గడప మీద కూలబడింది. తిట్టినా బాగుండేది. బిడ్డ ఇన్నేళ్ల కష్టాన్ని తన గొప్పల కోసం వీధిలో తిప్పి పోగొట్టానని అనంతయ్య గుండె చెరువైంది.

అప్పుడే తిమ్మమ్మ పూల పొట్లంతో వచ్చింది. "ఏందీ జనం? ఎవరికేమైంది?"

"నా బిళ్ల పోయిందమ్మా. గింతుంటది, బూడిద రంగు, శాన బరువు."

"అది బిళ్లెట్లయితది? మగ్గం రాయి గదా" అన్నది తిమ్మమ్మ.

గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచు పోగులు బిగువుగా ఉండాలని వాటిని విడిగా లాగి, చివర బరువు కట్టి వేలాడదీస్తారు. పొద్దున కుడి అంచు తాడు తెగి, రాయి కిందపడి రెండు ముక్కలైంది. తిమ్మమ్మ చుట్టూ చూస్తే గట్టు మీద సరిగ్గా ఆ బరువుదే ఒకటి కనిపించింది. డబ్బాలోది ఆమె ఎన్నడూ చూడలేదు. "మగ్గం గట్టు మీదున్నది మగ్గందే గదా. గీత వడకుండ గుడ్డల సుట్టి మరీ కట్టిన" అన్నది.

నిరోష లోపలికి పరుగెత్తి వంగి చూసింది. సూర్యుడి గోడ పాత నూలుగుడ్డలో మూటై, మగ్గం కింద నెమ్మదిగా ఊగుతోంది. ఆమెకు నవ్వు ఆగలేదు. విప్పబోతే తల్లి చేయి పట్టుకుంది.

"ఇంకా జానెడుంది. నడుమ బరువు మారిస్తె అంచు వంకర వోతది. లగ్గం చీర."

అంచును ఒంటితో కలిపి నేయడానికి ఇద్దరు కావాలి. అనంతయ్య కూర్చోబోయాడు గానీ పోగును అటూ ఇటూ దాటించే నాడె చేతిలోంచి జారిపడింది. నిరోష చీర కొంగు దోపుకుని, "నువ్ లే నాయినా" అంటూ మగ్గం గుంటలోకి దిగి తల్లి పక్కన కూర్చుంది. బడికి పోయే రోజుల్లో నేర్చిన పని. మొదట రెండుసార్లు నాడె తడబడింది, తర్వాత తడబడలేదు. కిటికీలోంచి వీధి వీధంతా చూస్తోంది. అనంతయ్య గోడకానుకుని నిలబడ్డాడు. నా బిడ్డ అదీ చేస్తుంది, ఇదీ చేస్తుంది అనుకున్నాడు. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు.

చీర దిగాక బిళ్లను విప్పి డబ్బాలో పెట్టారు. దినేష్ తనే వచ్చి జీపు ముందు తలుపు తీశాడు. సగం వీధి వెనక ఎక్కింది. ఆలస్యంగానే చేరినా సభ నిండుగా ఉంది. నిరోష బిళ్లను చేతిలో ఎత్తి చూపించి, పొద్దుటి మగ్గం సంగతితో సహా దాని కథంతా చెప్పింది. చివర ఒక విద్యార్థిని లేచి, "మేడమ్, దీన్ని ఎక్కడెక్కడ పరీక్షించారు?" అని అడిగింది.

నిరోష ప్రయోగశాలల పేర్లు చెప్పింది. ఆమె ముగించేలోపే ముందు వరుసలో తిమ్మమ్మ లేచింది.

"పొద్దుగాల గద్వాలల గూడ అయింది బిడ్డా. అంచు జర గూడ వంకర వోలే."

సభంతా చప్పట్లు మోగాయి. అనంతయ్య గట్టిగా తల ఊపాడు. ఆ రోజు ఉపన్యాసంలో ఆయనకు పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే.