పై అర్రకు వయసు పెంచిన వైనం

1982 జూన్ పద్నాలుగు, సోమవారం. ఆ పొద్దున వెంకట్రాజం సర్వపిండి తిన్నాడు. రెండో ముక్క తుంచుతూ, "ఇయ్యాల బ్యాంకుకు పోయి సంతకం పెట్టొస్తే ఇల్లు మనదైనట్టే" అని భార్యతో అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆయనకు సర్వపిండి సహించలేదు.

ఆయన కాజీపేటలో రైల్వే గార్డు. ఆగస్టు ఆఖరుకు రిటైరవుతాడు. ఆ వెంటనే క్వార్టరు ఖాళీ చేయాలి. కొనబోయే ఇల్లు వరంగల్ గిర్మాజీపేటలో ఉంది. కట్టించిన దర్జీ ఫకీర్ మహమ్మద్ కాలం చేశాడు. ఆయన భార్య హుసేన్‌బీ ఇల్లు అమ్మి, డోర్నకల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోవాలనుకుంటోంది. కింద మూడు గదులు, మెట్లెక్కితే పైన ఒక్క గది, ఆ వాడ మాటలో పై అర్ర. ఇల్లు చూడటానికి వెళ్లిన రోజు వెంకట్రాజం భార్య లక్ష్మీనర్సమ్మ ఆ పై గది తలుపు మూసింది, తెరిచింది, మళ్లీ మూసింది.

"పెండ్లయినప్పటి సంది రైల్వేవాళ్ల తలుపులే మూసుకుంట వచ్చిన. గిదొక్కటి నాదైతే మంచిగుండు" అంది. కాపురానికి వచ్చాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అదే.

బ్యాంకు మేనేజరు మంచివాడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, ఆ తర్వాతే అసలు మాట చెప్పాడు. కింది గదులకు మున్సిపాలిటీ పర్మిషన్ ఉంది, పై గదికి లేదు. మున్సిపాలిటీ నుంచి అభ్యంతరం లేదని కాగితం తెస్తేనే లోను వస్తుంది.

వెంకట్రాజం సిగ్నల్ పడితే కదిలి, పడకపోతే ఆగిన మనిషి. సొంతంగా ఆలోచించే అవసరం ఆయనకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. అందుకని తాలూకా కచేరిలో పనిచేసి రిటైరైన స్నేహితుడు రాజేశ్వర్ రావు దగ్గరికి వెళ్లాడు. రాజేశ్వర్ రావు కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

"రూల్సు రాకముందు కట్టినదానికి పర్మిషన్ ఎవ్వడడుగుతడు? నిజాం జమానల కట్టిన అర్ర అని చెప్పు, అయిపాయె."

"గోడలు చూస్తే కొత్తగ కనపడుతున్నయి గదా."

"కనపడకుండ చెయ్యాలె."

ముందుగా హుసేన్‌బీని కూతురి దగ్గరికి పంపించమన్నాడు. ఆమెకు అబద్ధం చెప్పడం రాదని ఆ వాడలో అందరూ ఎరుగుదురు. పై గదికి కొంచెం మరమ్మతు చేయిస్తామని వెంకట్రాజం చెప్పగానే ఆమె మారుమాట లేకుండా తాళంచెవి ఇచ్చి రైలెక్కింది.

నర్సంపేటలో వెంకట్రాజం బామ్మర్దికి కూలిపోయిన పశువుల కొట్టం ఒకటి ఉంది. దాని పాత గూనపెంకు, రెండు దూలాలు బండి మీద వచ్చాయి. దూలాలతో పాటు చెదలు కూడా వచ్చాయి. మేస్త్రీ కట్టయ్య గది మీది బెంగుళూరు పెంకు దించి ఆ పాతవన్నీ ఎక్కించాడు. తర్వాత గోడలు నల్లబడటానికి తడిగడ్డి, పిడకలు లోపల వెలిగించి తలుపు మూశారు.

పక్కింటి రాజక్క తన వాకిట్లోంచి పైకి చూసింది. పెంకుల సందుల్లోంచి పొగ లేస్తోంది. ఆమె కేక వేయగానే వాడంతా బిందెలతో వచ్చింది. ఎవరు చెబుతున్నా వినకుండా గదిని నిలువునా తడిపేశారు. రెండుచోట్ల గచ్చు ఊడిపడింది. రాజేశ్వర్ రావు ఊడిన చోటును వేలితో తడిమి, ఇంత మంచి పని డబ్బిచ్చినా జరిగేది కాదన్నాడు.

ఆపైన అందరికీ సంగతి చెప్పక తప్పలేదు. చెప్పాక అందరూ సాయం చేస్తామన్నారు. అసలు కష్టం అక్కడే మొదలైంది.

దర్వాజ నిలబెట్టే రోజున గడప కింద ఒక నాణెం పెట్టడం ఆ వైపు ఆనవాయితీ. రాజేశ్వర్ రావు తన తండ్రి దాచిన నిజాం కాలపు పైసా తెచ్చి, గడప ఎడమ చివర కట్టయ్య చేత పూడ్పించాడు. ఇక ఈ గదికి తిరుగులేని సాక్ష్యం ఉందన్నాడు.

మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు ఎండలో నడిచి వచ్చిన అలసటతో మెట్లెక్కాడు. గడప కింద తవ్వించి పైసా చూపించారు. ఆయన దాన్ని తిప్పి చూసి జేబులో వేసుకుని, గది ఎప్పటిదని రాజక్కను అడిగాడు.

"నేను కాపురానికొచ్చిననాడే గీ అర్ర పాతది సారూ" అంది రాజక్క. అక్కడితో ఆగితే సరిపోయేది. "గప్పటికే పెళ్లలు రాలుతుండె. మా అత్త దీని కిందికెల్లి నడవనియ్యకపోయేది."

ఆమె వెనుక నిలబడ్డవాళ్లు కూడా తలా ఒక మాట కలిపారు. ఒకరు వానాకాలంలో గది ఊగడం చూశామన్నారు. ఇంకొకరు తమ తాత దీని భయానికే ఇల్లు మారాడన్నారు. ఇన్‌స్పెక్టరు దూలం మీద వేలుపెట్టి నొక్కాడు. వేలు లోపలికి దిగింది. ఆయన అక్కడే నిలబడి నోటీసు రాశాడు. గది పాతది, పర్మిషన్ ప్రశ్నే లేదు. అయితే శిథిలమై మనుషుల ప్రాణాలకు ప్రమాదంగా ఉన్నందువల్ల వారంలోగా కూల్చివేయాలి.

లక్ష్మీనర్సమ్మ నోటీసు విని ఆ పూట వంట చేయలేదు. రాజేశ్వర్ రావుకు జ్వరమొచ్చిందని కబురు వచ్చింది.

కూల్చే రోజున ఇద్దరు కూలీలు గడ్డపారలతో, వాళ్ల వెనుక ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి హుసేన్‌బీ పై గది గడప మీద కూర్చుని ఉంది. కూల్చే సంగతి కబురు అంది పొద్దున్నే పాసింజరులో దిగిందట. మసిబారిన గోడను ఆమె చాలాసేపు చేత్తో తడిమింది. ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే వెంకట్రాజానికి కొంత తేలికగా ఉండేది.

"నాకు పొయ్యి పొగ పడదని నా మనిషి పైన గీ అర్ర కట్టిచ్చిండు, అన్నా" అంది వెంకట్రాజంతో. "పొగ రాని జాగ గిదొక్కటే ఉండె."

వెంకట్రాజం తల వంచుకున్నాడు. ఆమె ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, గడప కుడి చివర తవ్వి చూడమంది. కట్టయ్య తవ్వాడు. తామర పువ్వున్న ఇరవై పైసల బిళ్ల బయటపడింది. ఇన్‌స్పెక్టరు దాన్ని చెంబునీళ్లతో కడిగి చదివాడు. 1970.

"దర్వాజ నిలబెట్టిననాడు నా చేతులతోని పెట్టిన సాబ్" అంది హుసేన్‌బీ.

ఇన్‌స్పెక్టరు రెండు నాణేలనూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని రాజక్కను చూశాడు. "అమ్మా, నీ పెండ్లి ఏ ఏడు అయింది?"

"మీరు ఏ ఏడు రాసుకుంటే గా ఏడే సారూ" అంది రాజక్క శాంతంగా.

ఆయన కిందికి చూసుకుని కాసేపు మీసం సవరించుకున్నాడు. "పర్మిషన్ లేకుంట కడితే కొంత జుర్మానా ఉంటది. గా పైసలు కట్టి రసీదు తీసుకుంటే ఒక్క పూట పని. గిదంత ఎవరు చెయ్యమన్నరు?"

జ్వరం తగ్గి అప్పుడే మెట్లెక్కుతున్న రాజేశ్వర్ రావు వైపు అందరూ చూశారు. ఆయన చెయ్యి చాచి, "గా నిజాం పైసా నాది సార్. మా నాయన ఇచ్చింది" అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఇచ్చేశాడు. నోటీసు చింపి, ముక్కలు తన జేబులోనే వేసుకున్నాడు. పశువుల కొట్టం పెంకు, దూలాలు మాత్రం సాయంత్రంలోగా దించాలన్నాడు.

కట్టయ్య బెంగుళూరు పెంకు మళ్లీ ఎక్కించాడు. జుర్మానా కట్టారు. కాగితం వచ్చింది, లోను వచ్చింది. రిజిస్ట్రేషన్ అయిన రోజున లక్ష్మీనర్సమ్మ తామర బిళ్లను కొంగుతో తుడిచి హుసేన్‌బీకి ఇవ్వబోయింది.

"అది అర్రది, చెల్లే" అంది హుసేన్‌బీ. తానే వంగి దాన్ని తీసిన చోటే పెట్టి, మట్టి కప్పి డోర్నకల్ వెళ్లిపోయింది.

సామాన్లు చేరిన రాత్రి లక్ష్మీనర్సమ్మ దీపం పట్టుకుని మేడ ఎక్కింది. గది నాలుగు మూలలా చూసింది. బయటికి వచ్చి, ఇన్నాళ్లకు తనదైన తలుపును చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. లోపల పొగ వాసన ఇంకా పోలేదు కాబట్టి ఇద్దరూ డాబా మీదే పడుకున్నారు.