ఉండవే, అయిపోతోంది

‘ధ్రువనౌక’ ధారావాహిక పదమూడో భాగం మధ్యలో వచ్చిన అంతరాయం ఇంకా తొలగలేదు కాబట్టి, ఆ సాయంత్రం దాన్ని చూస్తూ కూర్చున్నవాళ్లకు తర్వాత గడిచిన ముప్పై ఏడేళ్లూ గడిచినట్టు కాదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒక మంగళవారం ఏడూ యాభై రెండుకు బొమ్మ ఆగిపోయి, ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అట్ట తెర మీదికి వచ్చింది. ఆ అట్ట తీసేసినట్టు ఉత్తర్వు ఏదీ వెలువడలేదు. ఉత్తర్వు లేనంతవరకు అంతరాయం కొనసాగుతున్నట్టే భావించాలని నిబంధన. సామర్లకోటలో ఆ నిమిషాన టీవీ ముందున్న నలభై ఒక్క మంది పేర్లు రాసుకున్నారు. అప్పటినుంచి వాళ్ల పెళ్లిళ్లు, పిల్లలు, చావులు అన్నీ ‘తాత్కాలికం’ అన్న ఊదారంగు ముద్రతోనే నమోదవుతున్నాయి. పోయినవాళ్లను తాత్కాలికంగా దహనం చేశారు.

దంగేటి సత్యానందం కాలువ లాకు దగ్గర నీటిమట్టం చూసి రాసే ఉద్యోగి. ఉద్యోగంలో చేరిన ఎనిమిది నెలలకు అంతరాయం వచ్చింది. ప్రొబేషను రెండేళ్లు. అందువల్ల అరవై మూడేళ్ల సత్యానందం ఇప్పటికీ ప్రొబేషనులోనే ఉన్నాడు. కాగితాల్లో అతని వయసు ఇరవై ఆరు. కొత్తగా వచ్చిన ప్రతి అధికారీ ‘కుర్రవాడు బుద్ధిమంతుడు, అనుభవం రావాలి’ అని రాసి బదిలీ మీద వెళ్లిపోతాడు.

ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం వెనక గదిలో ధ్రువనౌక ప్రేక్షకుల సంఘం సమావేశమవుతుంది. ఇప్పుడు మిగిలింది పదకొండు మంది. ధారావాహిక టేపులు ఎవరి దగ్గరా లేవు కాబట్టి జ్ఞాపకం నుంచే చర్చిస్తారు. ఆ అంతరిక్ష నౌక తలుపు ఇనప బీరువా తలుపేనని, కెప్టెన్ శాంభవి శిరస్త్రాణం ఇడ్లీపాత్ర మూతేనని, మీటల స్థానంలో కేరమ్ బోర్డు కాయలు అతికించారని వాళ్లందరికీ తెలుసు. వీటి గురించి ఎవరూ నవ్వరు. ఆ బీరువా తలుపు వెనక అంతులేని చీకటి ఉందని నమ్మిన రోజులు వాళ్లకు ఇంకా ముగియలేదు.

ఎడతెగని వివాదం ఒకటే. ఆఖరి నిమిషంలో శాంభవి తలుపు పిడి మీద చెయ్యి వేస్తుంది. అవతల భూమి ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. అంతలో అట్ట వచ్చింది. అట్టకు ముందు ఒక చప్పుడు వినిపించిందని సత్యానందం అంటాడు.

“ఖంగుమందండి. లోహం మీద లోహం పడ్డట్టు. అంటే తలుపు తెరుచుకున్నట్టే కదండీ?”

సైకిల్ షాపు గనిరాజు ఒప్పుకోడు. “మా వీధిలో పద్దెనిమిది మందిమి ఒక్క టీవీ ముందు కూర్చున్నామండి. చీమ దగ్గినా వినపడుద్ది. ఆ ఖంగేదో మీ ఒక్కరి టీవీకే పంపించారా ఏంటండీ?”

“ఆయన్ని వదిలెయ్యండి రాజుగారూ. ఇంటికెళ్లి అన్నం తినరు మళ్లీ,” అంటుంది అధ్యక్షురాలు ఎలీషమ్మ టీచరు. ‘చప్పుడు విషయం వాయిదా’ అని పుస్తకంలో రాస్తుంది. ఇలా రాయడం నాలుగు వందల నలభయ్యోసారి.

అంతరాయం వచ్చిన సాయంత్రం జరిగింది ఇది. ఏడూ యాభైకి వంటగదిలోంచి సత్యానందం తల్లి సూరమ్మ, “నాన్నా, ఓసారి ఇలా రారా,” అని పిలిచింది. “ఉండవే, అయిపోతోంది,” అన్నాడు సత్యానందం. రెండు నిమిషాలకు చప్పుడు వినిపించింది. వెంటనే అట్ట వచ్చింది. ప్రసారం మళ్లీ మొదలవుతుందని అతను ఆ అట్టను ఇరవై అయిదు నిమిషాలు చూశాడు. తర్వాత మంచినీళ్లకు లేచి వెళితే సూరమ్మ పొయ్యి పక్కన పడి ఉంది. ఇత్తడి గిన్నె గోడ దాకా దొర్లి ఆగింది. కాస్త ముందుగా తీసుకొస్తే బాగుండేదన్నారు డాక్టరుగారు. చప్పుడు ఒక సంగతి, గిన్నె ఒక సంగతి. రెంటినీ సత్యానందం తన లోపల రెండు వేరు గదుల్లో పెట్టుకున్నాడు. మధ్య తలుపు పిడి మీద అతను ఎన్నడూ చెయ్యి వెయ్యలేదు.

శ్రావణంలో జరిగిన సమావేశానికి అంతరాయాల అధికారి వచ్చాడు. పదమూడో భాగం టేపు ఒక గోదాములో, ఎరువుల వాడకం గురించిన కార్యక్రమం టేపుల వెనక దొరికిందని చెప్పాడు. ప్రసారం ఆగినచోటినుంచే మొదలవుతుంది. ప్రేక్షకుల సౌకర్యార్థం రెండు నిమిషాలు వెనకనుంచి వేస్తారు. అంతరాయంతోపాటు అందులో జరిగినవన్నీ తొలగిపోతాయి. పోయినవాళ్లు వాళ్ల వాళ్ల చోట్ల ఉంటారు. పుట్టినవాళ్లు ఉండరు. ఈ ముప్పై ఏడేళ్లలో తెలుసుకున్నదేదీ వెంట రాదు. కాకపోతే ఒక్కొక్కరు ఒక చీటీ మీద ఒక వాక్యం రాసి జేబులో పెట్టుకోవచ్చు. పదకొండు మందీ ఒప్పుకోలు కాగితం మీద సంతకం చెయ్యాలి.

“ఒకరు చెయ్యకపోతే ఏమవుద్దండీ?” అని అడిగాడు సత్యానందం.

“మీకేం అవదండి. మిగతా పదిమందికీ ఏమీ అవదు. అదే ఇబ్బంది.”

గనిరాజు ముందుగా సంతకం పెట్టాడు. “నా జుట్టు, మా ఆవిడ, రెండూ అంతరాయంలోనే పోయినియ్యండి. జుట్టొచ్చినా చాలు.”

ఎలీషమ్మ టీచరు చీటీ మీద ‘ఆయనకు కూరలో ఉప్పు తగ్గించు’ అని రాసుకుని, కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టింది. సాయంత్రానికి పది సంతకాలయ్యాయి. సత్యానందం కాగితం ఇంటికి తీసుకెళ్లాడు.

ఇంట్లో కూతురు ధరణి వంకాయలు తరుగుతోంది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు, మందుల షాపులో పని. తల్లి అంతరాయంలో వచ్చి అంతరాయంలోనే పోయింది. ధరణి జనన పత్రం మీద, పదో తరగతి మార్కుల మీద, ఆధారమైన ప్రతి కాగితం మీద ఊదా ముద్ర ఉంది. ధ్రువనౌక పన్నెండున్నర భాగాలూ ఆమెకు కంఠతా వచ్చు. చిన్నప్పుడు జోలపాటకు బదులు తండ్రి అదే చెప్పాడు.

ఆమె చేతులు తుడుచుకుని కాగితం రెండుసార్లు చదివింది.

“పెట్టెయ్ నాన్నా.”

“పెడితే నువ్వుండవే.”

“నానమ్మ ఉంటది కదా.”

“నువ్వు ఉండవంటున్నానే పిచ్చిదానా!”

“వినపడింది. నాకేం కొత్తా? అన్నం చల్లారిపోతోంది రా నాన్నా అంటే ఏమంటావు నువ్వు? ‘ఉండవే, సంఘం కాగితాలు చూసుకోవాలి.’ జొరమొచ్చి పిలిస్తే? ‘ఉండవే, వస్తున్నా.’ పుట్టిన కాడ్నించీ ఉండవే ఉండవే అంటానే ఉన్నావు. ఇప్పుడు కాగితం మీద కూడా రాసిచ్చారు, అంతే.” ఆమె నవ్వింది. సత్యానందానికి నవ్వు రాలేదు. తాను ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు.

“ఆవిడ పిలిచింది నాన్నా. నువ్వెళ్లలేదు. అంతేగా నీ బాధ? వెళ్లిరా.”

అతను కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు. తర్వాత సంతకం పెట్టాడు. చీటీ తీసుకుని పైన ‘ధ’ అని రాయబోయాడు. ధరణి అతని చెయ్యి పట్టుకుంది.

“నా పేరు రాయకు. చదివితే ఎవరో అనుకుంటావు. చీటీ వేస్టవుద్ది. నానమ్మ పిలిస్తే లెగమని రాసుకో.”

అతను ‘అమ్మ పిలిస్తే లేచి వెళ్లు’ అని రాశాడు. ఆమె కలం తీసుకుని మధ్యలో ‘వెంటనే’ అని చేర్చింది.

మంగళవారం పునఃప్రసారమని, సంబంధం లేని ప్రజలు సహకరించాలని రిక్షాలో మైకు పెట్టి ఊరంతా చెప్పారు. ప్రజలు సహకరించారు. ధరణి షాపుకు సెలవు పెట్టింది. ఇల్లు ఊడ్చింది. తన కంచం కడిగి బోర్లించింది. నానమ్మ ఎక్కడ ఏది వెతుక్కుంటుందో తెలియదు కాబట్టి ఉప్పు డబ్బా, పప్పు డబ్బా పొయ్యి దగ్గరికి జరిపి, తండ్రి చొక్కా జేబులో చీటీ పెట్టి, వీధి మెట్ల మీద కూర్చుంది.

ఏడూ యాభైకి బొమ్మ వచ్చింది.

ఇరవై ఆరేళ్ల సత్యానందం నవారు కుర్చీలో ముందుకు వంగి చూస్తున్నాడు. నౌకలో ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. కెప్టెన్ శాంభవి తలుపు వైపు నడుస్తోంది. వీధి మెట్లు ఖాళీగా ఉన్నాయి.

“నాన్నా, ఓసారి ఇలా రారా,” అని వంటగదిలోంచి సూరమ్మ పిలిచింది.

జేబులో ఏదో గుచ్చుకుంది. తీసి చూస్తే చీటీ. ‘అమ్మ పిలిస్తే వెంటనే లేచి వెళ్లు.’ దస్తూరీ తనదే. పొద్దున లాకు దగ్గర ఎప్పుడో రాసుకుని ఉంటాననుకున్నాడు. ‘వెంటనే’ అన్న ఒక్క మాట మాత్రం ఇంకెవరిదో. గుండ్రటి అక్షరాలు. ఎవరివో తెలుసుకోవాలనిపించింది. అంతలో శాంభవి పిడి మీద చెయ్యి వేసింది. అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. భాగం అయ్యాక తీరిగ్గా చూడొచ్చు.

“ఉండవే, అయిపోతోంది,” అన్నాడు.

ఖంగుమంది.

సత్యానందం తెర వైపు ఇంకాస్త ముందుకు వంగాడు. తలుపు తెరుచుకుందని అతనికి అర్థమైంది. అవతల ఏముందో చూడబోయేసరికి టేపు నలిగిన చోటు వచ్చి, తెర మీద ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అన్న అట్ట నిలిచింది.

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది. వంటగదిలోంచి మళ్లీ పిలుపు రాలేదు కాబట్టి, తొందరేమీ లేదనుకున్నాడు.