తీసివేయవలసిన చుక్క

2012 మార్చిలో ఒక గురువారం ఉదయం. కామారెడ్డిలో గణితోపన్యాసకుడైన తిరుపతి దోమతెర కన్నాల్లో త్రిభుజాలు వెతుకుతూ, కలకూ మెలకువకూ నడుమనున్న పరగణాను అరగంటగా ఏలుతున్నాడు. ఆనాటి కార్యక్రమం బహు సులువైనది. ఏడు గంటల బస్సుకు ఎల్లారెడ్డి వెళ్లడం, ఆ పక్కనే ఉన్న మామగారి ఊరిలో మిగిలిన ఒక్క బోరును కొలవడం, పగటి భోజనానికి ఇల్లు చేరడం. సోమవారం సాయంత్రం అయిదింటికల్లా సిద్ధాంత గ్రంథం విశ్వవిద్యాలయంలో ఉండాలి. గడువు ఇప్పటికే మూడుసార్లు పొడిగించారు. ఇక పొడిగించరు, పేరే కొట్టేస్తారు. ఆరేళ్ల తపస్సులో మిగిలింది, ఆ ఊరి బోర్లను చుక్కలుగా చూపే ఏడో పటం ఒక్కటే.

చెల్లాచెదురుగా పడి ఉన్న చుక్కలను గీతలతో కలిపి, ఎక్కడా సందు లేకుండా త్రిభుజాల వల అల్లడం ఒక విద్య. అందుకు వేరే సాధనాలు బోలెడున్నాయి. తిరుపతి మాత్రం, పుస్తకాల పుటలు కూర్చడానికి పుట్టిన టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థ చేతనే ఆ లెక్క చేయించి, ఆ వల గీయించాలని పంతం పట్టాడు. కుట్టుమిషనుతో మడి దున్నించడం వంటి సంకల్పమది. పద్ధతి ప్రకారం, ముందుగా చుక్కలన్నిటినీ చుట్టే పెద్ద త్రిభుజం ఒకటి ఊహించుకోవాలి. పని ముగిశాక దాని మూడు మూలలనూ తీసివేయాలి. ఆ మూలలు ఎంత దూరాన ఉంటే అంత మేలు. కానీ టెక్‌కు పదహారు వేల పైచిలుకు కొలత మింగుడుపడదు. దాటితే 'కొలత మరీ పెద్దది' అని అలుగుతుంది. ఆ అలకకు జడిసి తిరుపతి తన మూలలను ఊరి పొలిమేర దాటనివ్వలేదు.

"పోయినసారి గిట్లనే పొద్దుమీకక ముందే వస్తనని మూడొద్దులు ఉన్నవ్," అన్నది భార్య అనూహ్య, చాయ గ్లాసు చేతికిస్తూ.

"ఒక్కటే బోరు. గిట్ల పోయి గట్ల వస్త."

"మా బాపు ఏమన్న అడిగితే ఊ అనకు. ఇని జవాబు చెప్పు."

"ఊ," అన్నాడు తిరుపతి.

బస్సు కిటికీలో మోదుగుపూలు నిప్పుల వలలా సాగిపోతుంటే, ఆయన వాటిని మూడేసి చొప్పున కలుపుకుంటూ వెళ్లాడు.

మామగారు పోచయ్య ఊళ్లో భూములున్న పెద్దరైతు. ఆ ఊరి బోర్లు ఇరవై మూడు; నీళ్లు పోసేవి మూడు. కొబ్బరికాయ అరచేత పట్టి నడిచిన వారు, వేపపుల్ల పట్టి నడిచిన వారు, అందరూ జల చూపించిపోయారు. చూపించిన చాలా చోట్ల నీళ్లకు బదులు దుబ్బే, అంటే రాతిపొడే లేచింది. తిరుపతి మిగిలిన బోరును కొలిచి, అరుగు మీది మంచంపై ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన పాత పటం పరుచుకొని కూర్చున్నాడు. అందులో ఊహా మూలలు ఇంకా తీసివేయలేదు.

"అల్లుడా, గీ చుక్కలన్ని మన బోర్లేనా?"

"ఊ."

"గీ గీతలు బోరుకెల్లి బోరుకు పోయే జలలే గదా?"

"ఊ." అల్లుడి కళ్లు ఒక సన్నపాటి త్రిభుజం మీద వాలి ఉన్నాయి. అది సూదిలా ఉంది. మంచి వలకు సూదులు శోభనివ్వవు. "దీని నడుమ ఇంకో చుక్క పడితే ఎంత అందంగ ఉంటది మామా!" అన్నాడు కలలోంచే.

పోచయ్య ఆ సూది తన తూర్పు మెట్ట చెలకలో ఉందని చూసుకున్నాడు. ఆరేళ్లు బోర్ల మీద చదివిన అల్లుడు! సాయంత్రానికి బోరు బండితో మూడు బోర్లకు మాట కుదిరింది.

మరునాడు బండి గేటు దాటాకగానీ తిరుపతికి తెలివి రాలేదు. "మామా, అది నీళ్ల పటం కాదు!" అని వెంటపడ్డాడు.

"నాకు తెల్వదా? జల చూసేటోళ్లు నోటితోని చెప్పరు. చెప్తే జల ఎనుకకు పోతది. నువ్వు లేదనే అను."

తెల్లటి రాతిదుబ్బ మబ్బై ఊరిని కమ్మింది. నీళ్లు పడలేదు. కానీ ఇరవై నాలుగో బోరైతే పడింది! గ్రంథంలో 'ఊరిలోని బోర్లన్నీ' అని ప్రతిజ్ఞ చేసిన సత్యవ్రతుడు తిరుపతి. కొలిచాడు, మళ్లీ లెక్క పెట్టాడు. కరెంటు వస్తూ పోతూ ఉండగా, టెక్ మూడు గంటలు ఆలోచించి కొత్త వల ప్రసాదించింది. ఒక్క చుక్క చేరేసరికి పాత గీతలు కొన్ని తెగాయి, కొత్తవి పుట్టాయి. సూది పోచయ్య చెలకలోంచి లేచి పక్కింటి కిష్టయ్య మడిలో పడింది.

"చూసినవా పోచన్నా!" అన్నాడు కిష్టయ్య, పటం మీద వేలు పెట్టి. "జల నా దిక్కు జరిగింది. అల్లుడని నీకు ముందుగాల చూపించిండు, గది కోపానికొచ్చింది!"

శనివారం కిష్టయ్య మడిలోనూ దుబ్బే లేచింది. ఇరవై అయిదు. మళ్లీ కొలత, మళ్లీ లెక్క. ఆదివారం తెల్లవారేసరికి పోచయ్య 'అల్లుడా' అనడం మాని 'సారు' అంటున్నాడు. అరుగు ముందు నుంచి పోయేవారు తిరుపతిని, కిష్టయ్య తన వట్టి బోరును, ఒకే చూపుతో చూస్తున్నారు. మూడో బోరు ఎవరికీ వద్దు. మూడింటికి మాట ఇచ్చినందుకు బండి మాత్రం నీడన నిలబడి ఉంది.

అప్పుడు దుర్గవ్వ వచ్చింది. పోచయ్య పొలాల్లో కూలికి పోయే ఆమెకు పొలిమేరలో రాళ్ల చెలక ఒకటుంది.

"సారూ, నీ కాయిదంల గీ పెద్ద మూల నా చెలకల పడ్డదట."

"అవ్వా, అది ఉత్త చుక్క. నిజంగ లేదు. ఆఖరికి తీసేసేదే."

"ఇంకో మూల యాడ పడ్డది?"

"చెరువు నడుమ."

"గాడ నీళ్లున్నయా, లేవా?"

తిరుపతి పటంలోని చెరువు వైపు చూశాడు. "ఉన్నయ్," అన్నాడు.

"మరింకేంది? ఉన్నదన్నకాడ రెండు తాపల దుబ్బ లేసింది. లేదన్నకాడ చూద్దాం. పటేలా, బండి పంపు!" అంది పోచయ్య వైపు తిరిగి.

మధ్యాహ్నం రాతిదుబ్బ పొగమంచులా చెలక మీద తేలింది. ఆ తెల్లదనంలో మనుషులు, గట్లు, బండి అన్నీ కరిగిపోయి, తిరుపతికి తన ఊహా త్రిభుజం ఒక్కటే ఆకాశాన వేలాడుతున్నట్టు తోచింది. ఉన్నట్టుండి దుబ్బ ఆగింది. బురద ఎగిరింది. ఆ వెనుకే, ఎండలో తళతళలాడుతూ, రెండించుల నీళ్లు! దుర్గవ్వ చీర కొంగుతో సహా నిలువునా తడిసి, అక్కడినుంచి కదలనంది.

"నేను ముందే అన్న," అన్నాడు పోచయ్య, ఏమీ అనకపోయినా. "మా అల్లుడు లోతు మనిషి. అల్లుడా, మూడో మూల యాడున్నది?"

"అడవిలో మామా," అన్నాడు తిరుపతి నీరసంగా. ఇరవై ఆరో బోరు ఆయన లెక్కనే ముంచింది. ఊహా మూల నిజమై కూర్చుంది. దానిని తీసివేస్తే గ్రంథం అబద్ధం. ఉంచితే పద్ధతి అబద్ధం. ఇంకా పెద్ద త్రిభుజం గీద్దామంటే టెక్ అలుగుతుంది. ఆలోచించడానికి పొద్దు లేదు. ఆఖరి బస్సు ఎల్లారెడ్డిలో హారను కొడుతోంది.

సోమవారం నాలుగూ నలభైకి గ్రంథం విశ్వవిద్యాలయం బల్ల మీద పడింది. పుటల సందుల్లోంచి తెల్లటి దుబ్బ కాస్త రాలింది. ఏడో పటం కింద, టెక్ ఎంతో శ్రద్ధగా కూర్చిన చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'మూడు ఊహా బిందువులలో రెండింటిని పద్ధతి ప్రకారం తీసివేయడమైనది, మూడవ దానికి దుర్గవ్వ సమ్మతించలేదు.'