మేయర్ గారు మా లాన్ కోసిన వైనం

"మన మేపుల్ బెండ్‌లో ఇకమీదట గడ్డి కూడా నిశ్శబ్దంగానే తెగుతుంది!" అని మేయర్ హార్లన్ ప్రూయిట్ గారు టౌన్ హాలు మెట్లమీద ప్రకటించారు. ఇంజన్ లేని, చేత్తో తోసే మిషన్‌తో ఒక పౌరుడి లాన్‌ను స్వయంగా కోసి ఒహాయో రాష్ట్రానికే దారి చూపిస్తారట. లాటరీ తీశారు. మా ఇల్లొచ్చింది. ఊరంతటికీ అలాంటి మిషన్ మా ఒక్కరికే ఉంది కనక చీటీలన్నిటిమీదా మా అడ్రసే రాశారని తర్వాత తెలిసింది. ఎంత ముందుచూపు!

మాకు పెళ్లయి ఐదు వారాలు. ఆ మిషన్ మా ఆయన ఎమ్మెట్‌కి ఓపల్ పిన్ని ఇచ్చిన పెళ్లి కానుక. నేను తోస్తుంటే ఎమ్మెట్ నిమ్మరసం గ్లాసుతో వెనకాలే నడుస్తాడు. మలుపు దగ్గర గ్లాసు నాకు, మిషన్ తనకు. తెగిన గడ్డి పాదాలమీద చినుకుల్లా రాలుతుంది. దీనికంటే సుఖం ఉందంటే నేను నమ్మను.

మర్నాడే మేయర్ ఆఫీసు డ్వేన్ వచ్చి లాన్ చుట్టూ రిబ్బన్ కట్టాడు.

"ఈ శనివారం కాదు, పై శనివారందాకా ఒక్క పోచ ముట్టుకోకండి మేడమ్. మేయర్ గారు కొయ్యడానికి గడ్డుండాలి కదా."

"మే నెల వానలు డ్వేన్! ఏపుగా పెరుగుతుంది. పొడుగు గడ్డిని ఈ మిషన్ కొయ్యదు, పడుకోబెడుతుంది."

"మేయర్ గారి చేతిలో కోస్తుంది లెండి."

రెండోవారం గురువారం డ్వేన్ మళ్లీ వచ్చాడు. ఈసారి టోపీ వేరు. చేతిలో స్కేలు.

"తొమ్మిదంగుళాలు. ఊరి రూలు ప్రకారం ఎనిమిది దాటకూడదు. శనివారం సాయంత్రంలోగా కొయ్యకపోతే, వాడకంలో లేని వస్తువు కింద మీ మిషన్ పట్టుకుపోతాం."

"ముట్టుకోవద్దన్నది నువ్వే కదయ్యా!" అన్నాడు ఎమ్మెట్.

"అది మేయర్ ఆఫీసు డ్వేన్. నేను గడ్డి తనిఖీ శాఖ."

"ఆ డ్వేన్‌కో మాట చెప్పరాదూ?"

"లెటర్ పెట్టాలండీ. జవాబుకి ఆరు వారాలు. ఆయన చాలా బిజీ."

ఆ రాత్రి ఎమ్మెట్, నేను మిషన్‌కి నూనె రాసి, పక్కనే కాసేపు కూర్చున్నాం.

శనివారం బ్యాండు వచ్చింది, కెమెరాలు వచ్చాయి. మేయర్ గారు తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని తోశారు. గడ్డి మర్యాదగా వంగింది. ఆయన దాటగానే మళ్లీ లేచింది.

"చూశారా, నా గౌరవార్థం లేచి నిలబడుతోంది!" అన్నారాయన.

"ఒరే హార్లన్, తెగట్లేదురా!" అని ఎదురింటి మర్టిల్ టీచర్ అరిచింది. "మూడో క్లాసులోనూ వీడికి కత్తెర పట్టడం చేతకాలేదు."

మేయర్ గారు చలించలేదు. "లోపం నిశ్శబ్దంలో లేదు. ముందస్తు ఏర్పాట్లలో ఉంది," అన్నారు. ఐదు నిమిషాల్లో రెండు పెట్రోలు మిషన్లు దిగి లాన్‌ని నున్నగా గొరిగేశాయి. ఆ మోతలోనే ఆయన నిశ్శబ్దం గురించి మైకులో ఉపన్యసించారు. తర్వాత మా మిషన్‌ని ఆ బోడి నేలమీద హుందాగా తోశారు. కెమెరాల కోసం డ్వేన్ సంచిలోంచి గడ్డి తీసి ఎగరేశాడు. ఎంత చక్కగా ఎగిరిందో!

"ఇక మా మిషన్ మాకే కదా?" అనడిగాను.

డ్వేన్ టోపీ మార్చాడు. స్కేలు పెట్టాడు. "ఒక్క అంగుళం. మా శాఖకి అభ్యంతరం లేదు."

ఎమ్మెట్ నన్ను ఎత్తి గిర్రున తిప్పాడు.

"ఊరిని మార్చిన యంత్రం ఇంట్లో పడుండటమేంటి?" అన్నారు మేయర్ గారు. "మ్యూజియంకి పంపండి!"

నన్ను కిందికి దించేలోపే మిషన్ ట్రక్కెక్కింది.

"మరి వచ్చేవారం మేం దేంతో కొయ్యాలండీ?"

ఆయన ఎంత దయగలవారంటే, అప్పటికే తెప్పించి ఉంచారు. ఎర్ర రిబ్బన్ కత్తిరించి, సరికొత్త పెట్రోలు మిషన్ మాకు బహూకరించారు. ఫొటో కోసం ఎమ్మెట్ తాడు లాగి దాన్ని స్టార్ట్ చేశాడు. మేయర్ గారు నా చెయ్యి పట్టుకుని, కళ్లు చెమర్చగా ఏదో సందేశం ఇచ్చారు. ఆ మోతలో ఒక్క ముక్క వినపడలేదు.

నేను చప్పట్లు కొట్టాను.